రణరంగమునుండి గృహమునకు



నేడు నేను ప్రసంగింపబూనినది చరిత్రవిషయమే. కాని యిది తాళపత్రములలో ముగిసిపోయిన చరిత్ర కాదు. మన వీధి చివరి యింటిలో నిప్పటికిని జరుగుచున్నది. యుద్ధమునకు గాని, సరిహద్దు కాపలాకు గాని పోయి వచ్చినవాడు మరల ఊరివాడగుట యెట్లు? ఆ నడుమ మద్యమునకు చిక్కినచో వానిని విడిపించు మార్గమేది? ఈ ప్రశ్నలకు మన పూర్వులేమనిరి, రాజులేమి చేసిరి, ప్రభుత్వములేమి చేసినవి, మనము చేయక విడిచినదేమి యను సంగతులను యథాశక్తి విన్నవించుకొందును.

నేను కాజీపల్లివాడను. ముప్పదియేండ్లకు పైబడి పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నాను. మా దిక్కున బొల్లారములు రెండు. ఒకటి లష్కరు బొల్లారము. అది నిజాము ప్రభువుల కాలమున ఆంగ్లేయ సేనానుల యేలుబడిలోని హైదరాబాదు కంటింజెంటు పటాలములకు దావు. సికింద్రాబాదు నంతటిని మా పెద్దలు లష్కరనియే పిలిచిరి. రెండవది మా పొరుగుననున్న కర్మాగారముల బొల్లారము. మొదటి దిక్కున ఫౌజుకొలువునకు బోయి, పింఛను పొంది, రెండవ దిక్కున కర్మాగారపు వాకిట రాత్రి కావలి కాయుట మా యెడల పలువురి జీవితకథ. ఈ రెండు బొల్లారముల నడుమ దూరము కొన్ని క్రోసులే. కాని యొక మనుష్యుడు దానిని నిజముగా దాటుటకు ఎంతకాలము పట్టునో నా కన్నులార చూచినాను. ఆ సంగతి పిమ్మట చెప్పెదను. మొదట పూర్వకథ.

మహాభారతమున కురుక్షేత్రసంగ్రామము ముగిసిన ముప్పదియాఱవయేట యాదవులు నశించిరి. తిక్కన సోమయాజి తెనిగించిన మౌసలపర్వమున నీ కథ యున్నది. మునుల శాపమును, ముసలమును మీ రందఱు నెఱిగినవే. నేను చెప్పదలచినది వేఱొకటి. ఆపద రానున్నదని తెలిసి ద్వారకలో మద్యము కాచరాదని చాటింపించిరి. కాచినవానిని బంధువులతోగూడ శూలమున కెక్కింతుమని భయపెట్టిరి. జనులు భయపడి మానిరి. అయినను ప్రభాసతీర్థమునకు పోయిన దినమున వారే త్రాగిరి. త్రాగినపుడు వారి నోట వెడలిన మాటలేవి? ముప్పదియాఱేండ్లనాటి యుద్ధపు మాటలు. నిదురించుచున్నవారిని చంపించితివని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. చేయి తెగి ప్రాయోపవేశమున నున్న భూరిశ్రవుని నఱకినవాడవు నీవు కావా యని కృతవర్మ మాఱు పలికెను. సాత్యకి కత్తి దూసి వాని తల దునిమెను. అటుపై కులమే నశించెను.

పెద్దలారా, ఒక్క మాట యోచింపుడు. ఆ యిద్దఱు వీరులు ముప్పదియాఱేండ్లు ఒక్క పురమున వసించిరి. ఒక్క సభలో కూర్చుండిరి. యుద్ధములో తాము చేసినదానిని, చూచినదానిని నిర్మలముగా నెవరితోను చెప్పుకొనలేదు కాబోలు. చెప్పుకొనని మాట మద్యముతోడనే బయటికి వచ్చినది. రాజశాసనము కల్లుకుండను పగులగొట్టినది గాని లోనిపుండును మాన్పలేదు. ఈ రెండును వేఱు వేఱు పనులని మన యితిహాసమే చెప్పుచున్నది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కామమువలన పుట్టు వ్యసనములు నాలుగనెను: వేట, జూదము, స్త్రీ, పానము. మద్యముపై సురాధ్యక్షు డను ప్రత్యేకాధికారిని నియమింప వలెననెను. భృత్యభరణీయ మను ప్రకరణమున, రాజకార్యమున మడిసినవాని భార్యాపుత్రులకు భక్తవేతనము లీయవలెనని విధించెను. చచ్చినవాని కుటుంబమును గూర్చి యింత స్పష్టముగా నొక విధి యున్నది. బ్రదికి వచ్చినవాని మనస్సును గూర్చి యెవరు తలచిరి? రాజులు వానికి భూమి నిచ్చిరి. మన తెలుగు దేశమున నాయంకరములు, హైదరాబాదు రాజ్యమున జాగీరులు, పాయగాలు అన్నియు సైన్యమును పోషించు నిమిత్తము పుట్టినవే. భూమి వానికి కూడు మాత్రమే కాదు, ఊరిలో నొక తావునుగూడ నిచ్చెను. వాడు ఫలాని చేనివాడు, ఫలాని బావివాడు అయ్యెను.

అయినను ఊరు సైనికుని పంపుట యెఱిగినంతగా చేర్చుకొనుట యెఱుగదు. నెల్లూరి మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కనను గూర్చి మనవారు చెప్పుకొను కథ యిందులకు సాక్ష్యము. సేనను గోల్పోయి యింటికి రాగా, భార్య మంచము నడ్డము పెట్టి, పసుపుముద్ద యుంచి, ఆడుదానికివలె స్నానమునకు నీరు పెట్టినదట. అతడు సిగ్గుపడి మరల యుద్ధమునకు బోయి కాటమరాజు సేనతో పోరి మరణించెనట. మేము ఈ కథను పౌరుషకథగా పిల్లలకు చెప్పుచుంటిమి. నేనును చెప్పినాను. నేడు తలచుకొనగా, అలసి వచ్చినవానికి గుమ్మములో దొరికినది ఎత్తిపొడుపు మాత్రమే యను సంగతి నా మనస్సును కలచుచున్నది.

ఇక దగ్గఱి కాలమునకు వత్తము. 1914లో మొదలైన మహాయుద్ధమున మన హైదరాబాదు సైనికులు దూరదేశములకు బోయిరి. కంటింజెంటు రౌతులనుండి పుట్టిన ఇరువదవ దక్కను హార్సు పటాలము 1916 జూలై 14వ తేదీన ఫ్రాన్సులోని సోము రణభూమిలో గుఱ్ఱములపై శత్రువులను తాకినది. నిజాము లాన్సర్లు మైసూరు, జోధపురము రౌతులతో గూడి పాలస్తీనా దేశమున పోరాడిరి. ఆ యుద్ధములోనే, ఫిరంగుల మ్రోతకు లోనైన సైనికులు దేహమున గాయము లేకయే వణకుట, మూగవోవుట, నిద్ర లేకపోవుట వైద్యులు గుర్తించిరి. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు దానికి 'షెల్ షాక్' అను పేరుతో వైద్యపత్రికలో వ్రాసెను. పిఱికితన మనుకొన్నది రోగమని లోకము ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో దానిని ఒక వ్యాధిగా తమ పట్టికలో చేర్చినది.

మన దేశమున సైనికుల క్షేమమునకై 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడెను. అదియే రూపాంతరములు చెంది 1975నుండి కేంద్రీయ సైనిక బోర్డు అయినది. నేడు జిల్లాలందున్న సైనిక సంక్షేమ కార్యాలయము లీ వృక్షపు కొమ్మలే. రెండవ మహాయుద్ధమున భారత సైన్యము ఇరువదియైదు లక్షలకు మించినది. అందఱును స్వచ్ఛందముగా చేరినవారే. పశ్చిమగోదావరి మండలమందలి మాధవరము ఇంటింటను సైనికుడున్న గ్రామమై మిలిటరీ మాధవరమని పేరు వడసెను. యుద్ధము ముగియగానే ఆ లక్షలలో పెక్కుమందిని ఇండ్లకు పంపివేసిరి.

మా హైదరాబాదులో ఇంకొక విడుదల జరిగినది. 1948 సెప్టెంబరు 13నుండి 17వఱకు జరిగిన పోలీసు చర్యతో నిజాము సైన్యము లొంగిపోయెను. పిమ్మట ఆ సైన్యము రద్దయ్యెను. 1949 ఆగస్టులో జాగీర్లును రద్దయ్యెను. తరతరములుగా కత్తినే నమ్ముకొన్నవారు ఒక్కమాఱుగా కొలువులేనివారైరి. నగరమున రెండు పేటలు నేటికిని ఆ కథకు గుర్తులు. ఒకటి బార్కస్. బారకాసులనుండి వచ్చిన పేరు. యెమెను దేశపు హద్రమౌతునుండి వచ్చి నిజామును కొలిచిన అరబ్బు సైనికుల నివాసము. సైన్యము పోయినపిదప కొందఱు స్వదేశమునకు పోయిరి. నిలిచినవారి పేటకు జామతోటలవలన పేరు వచ్చినది. హైదరాబాదు వాసులు బార్కస్ జామపండ్లను ఇప్పటికిని తలచుదురు. రెండవది ఏసీ గార్డ్సు. ఆఫ్రికా వంశీయులైన సిద్దీ రౌతుల పేట. వారికి తోటలు లేవు, కొలువు పోయినది. ఆ కుటుంబములు బహుకాలము పేదఱికమున నలిగినవి. సైనికునికి కొలువు పోయిననాడు చేతికి మఱియొక పని దొరకుట, దొరకకపోవుట అను రెంటికి నెంత భేదమో ఒకే నగరములో చూడవచ్చును.

స్వతంత్ర భారతము సైనికుని మఱువలేదు. 1949నుండి డిసెంబరు 7వ తేదీని సాయుధదళ పతాకదినముగా జరుపుచున్నారు. ప్రతి సంవత్సరము సుమారు 60,000 మంది సైన్యమునుండి విడుదలగుచుందురు. పునరావాస సంచాలక కార్యాలయము వారికి పనులు నేర్పించుచున్నది. 2003లో మాజీ సైనికుల వైద్య పథకము వచ్చినది. పింఛను కలదు. వీని యన్నిటిని కొనియాడవలసినదే. కాని జవాను పింఛనుతో ఊరికి వచ్చునప్పటికి వానికి తఱుచుగా నలువదేండ్లు నిండవు. ముదుసలి కాడు, పడుచువాడు కాడు. తెల్లవాఱుజామున బూర ఊదగానే లేచినవాడు, ఇక నెవరును లేపని ఉదయమునకు లేవవలసివచ్చును. 2022లో వచ్చిన అగ్నిపథము ప్రకారము చేరిన పిల్లలలో నాలుగవపాలువఱకే నిలుపుకొని, తక్కినవారిని నాలుగేండ్లకే యింటికి పంపుదురు. వీరు ఇరువదియైదేండ్ల ప్రాయముననే మరలివత్తురు. కావున ఈ ప్రశ్న ముందునాళ్లలో పెరుగును గాని తరుగదు.

ఇచట మద్యపు మాట రావలసియున్నది. చలికొండలలో సైనికునకు రమ్ము ఇచ్చు ఆచారము ఆంగ్లేయులనాటిది. 1948లో ఏర్పడిన క్యాంటీను శాఖద్వారా సైనికులకు, మాజీ సైనికులకు తక్కువ వెలకు సీసాలు దొరకును. అక్కడ అది కొలతతోను, క్రమశిక్షణతోను, తోడివారి నడుమను జరుగును. ఊరిలో కొలత లేదు, తోడు లేదు. అందులకు మనము చేయు సహాయ మొకటి యున్నది. సెలవుపై వచ్చిన పిల్లవానిని కుశలమడుగుటకు ముందే మనము అడుగు ప్రశ్న యేది? "బాటిల్ తెచ్చినవా?"

నేను మద్యము ముట్టినవాడను కాను. అయినను ఆ ప్రశ్న నేనును అడిగితిని. పూర్వము నాయొద్ద చదువుకొని ఫౌజున హవల్దారైన మా యూరి శిష్యు డొకడు సెలవుపై వచ్చియుండెను. నా యింటికి స్లాబు వేయు దినమున మేస్త్రీలకు, కూలీలకు దావతు చేయవలసియుండెను. నాలుగు సీసాలు తెమ్మంటిని. గురువు నోరువిప్పి అడిగినాడని సంతోషముగా తెచ్చి యిచ్చెను.

పదునేడేండ్ల సేవ ముగించి వాడు ఊరు చేరెను. కర్మాగారపు వాకిట రాత్రి కావలికి కుదిరెను. పగలు నిద్ర పట్టదు. నిద్రకై త్రాగెను. పిమ్మట క్యాంటీను సీసాలు చాలక కల్లు కాంపౌండునకు బోయెను. కొలువు పోయెను. ఒక ఆగస్టు 15వ తేదీన పాఠశాలకు పతాకవందనమునకు వచ్చెను. పతకములు తగిలించుకొని, చొక్కా ఇస్త్రీ చేసికొని వచ్చెను. కాని నోట వాసన వచ్చుచుండెను. పిల్లలు చూతురని నేను వానిని గేటువద్దనే నిలిపి, వెడలిపొమ్మంటిని. వాడు ఒక్క మాట యనలేదు. గేటుకు వెలుపలనే నిలిచి, జెండా ఎగురువఱకు సెల్యూటు చేసి పోయెను. నాలుగు సీసాలు అడిగిన నోటితోనే పొమ్మంటినని ఆనాడు నాకు తోచలేదు.

తరువాత మేము పెద్దలము నలుగురము కూడి మఱియొక తప్పు చేసితిమి. మైసమ్మ గుడిలో వానిచేత ఒట్టు పెట్టించితిమి. వాడు సైనికుడు, మాట తప్పలేదు. ఆ క్షణమునుండి చుక్క ముట్టలేదు. రెండవదినము చేతులు వణకినవి. మూడవరాత్రి మూర్ఛ వచ్చి నేల కూలెను. లేనివారిని చూచి కేకలు వేయసాగెను. దేవత కోపించినదని కొందఱనిరి. ఆసుపత్రిలో వైద్యుడు మాత్రము, మీ ఒట్టు వీని ప్రాణము తీసియుండెడిది అనెను. బహుకాలము త్రాగినవాడు వైద్యుని సాయము లేక ఒక్కమాఱుగా మానినచో, రెండుమూడు దినములలో మూర్ఛలును, మతిభ్రమయు కలిగి ప్రాణాపాయము వాటిల్లవచ్చునని ఆనాడు నేర్చితిని.

ఇది ఒకని కథ మాత్రమే కాదు. మన తెలంగాణమున కొన్ని తావుల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రాజోలాము అను మత్తుమందులు కలుపుదురు. త్రాగువాడు కల్లునకు గాక ఆ మందునకు బానిస యగును. 2015లో ప్రభుత్వము కల్తీపై దాడులు చేయగా, హఠాత్తుగా మత్తు దొరకక ఎందఱో పిచ్చిచూపులతో, వణకుతో ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకును, జిల్లా ఆసుపత్రులకును చేరిరి. దాడి చేయుట న్యాయమే. కాని ఆ వెంట వైద్యము నడువవలెను.

1992లో నెల్లూరు మండలమందలి దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమముచేత 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమంతట సారా నిషేధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగిపోయెను. ఆ తల్లుల ధైర్యమునకు నమస్కరింతును. అయినను ద్వారకలో తెలిసినదే యిచ్చటను తెలిసినది. సీసాను తీసివేయుట సగము పని. సీసా యుండిన చోట ఏమి యుంచవలెనో అది మిగిలిన సగము.

ఆ మిగిలిన సగమును గూర్చి అమెరికా దేశమున జరిగిన యొక పరిశోధన ఆశ్చర్యకరము. వియత్నాము యుద్ధమునుండి 1971లో మరలిన సైనికులను లీ రాబిన్స్ అను విదుషి పరీక్షించెను. అయిదుగురిలో నొకడు అక్కడ నల్లమందు జాతి మత్తునకు బానిసనైతినని చెప్పెను. దేశమంతయు భయపడినది. కాని అట్టి బానిసలలో ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరమున మరల బానిసలైనవారు నూటికి సుమారు అయిదుగురే. రణభూమి, అక్కడి భయము, అక్కడి సులభలభ్యత తొలగి, ఇల్లు, పని, తనవారు దొరకగా పెక్కుమంది విడివడిరి. మన హవల్దారు కథ దీనికి తలక్రిందులు. వాడు అక్కడ కొలతతో త్రాగి ఇక్కడికి వచ్చి బానిస యయ్యెను. రెండు కథలు చెప్పునది ఒక్కటే: మనిషి చుట్టునున్న ఊరు వానికి మందు కాగలదు, విషమును కాగలదు.

మొదటి మహాయుద్ధమున సైన్యమున పనిచేసి, పిమ్మట త్రాగుడునకు చిక్కిన బిల్ విల్సన్ అను అమెరికావాడు 1935లో ఒక వైద్యునితో గూడి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును స్థాపించెను. మన దేశమునకు అది 1957లో వచ్చినది. అందు రుసుము లేదు, ఉపదేశము లేదు. త్రాగుడు మానదలచినవారు వలయముగా కూర్చుండి తమ తమ కథ చెప్పుకొందురు. ఎత్తిపొడుపు లేక వినుట అక్కడి నియమము. ప్రభాసతీర్థమున సాత్యకికిని కృతవర్మకును లేకపోయినది అట్టి సభయే.

మా హవల్దారు ఆసుపత్రినుండి వచ్చినపిదప నేను వాని యింటికి బోయి క్షమింపు మంటిని. వాడు చాలసేపు ఊరకుండి యిట్లనెను: "సారూ, సరిహద్దుల రాత్రంత మేల్కొని ఉంటే ఎవరికోసమో ఎరుకుండె. ఈడ ఎవరికోసం మేల్కొన్ననో తెలుస్తలేదు." నా గ్రంథములలో నాకు దొరకని మాట అది. వాడు వారమున కొకమాఱు నగరమునకు బోయి అట్టి సభలో కూర్చుండ మొదలుపెట్టెను. మేము పాఠశాల మైదానమును ఉదయము వానికి అప్పగించితిమి. పోలీసు కొలువునకు, ఫౌజునకు పోదలచిన మా యూరి పిల్లలను అయిదు గంటలకు పరుగెత్తించుచున్నాడు. నడుమ నొకమాఱు మరల జాఱెను. ఆ ఉదయము పిల్లలు మైదానమున వేచియుండి, పిమ్మట వాని గుమ్మమునకు బోయి పిలిచిరి. వాడు సిగ్గుపడెను, లేచెను, మరల వైద్యుని కడకు పోయెను. జాఱుట రోగలక్షణమనియు, పాపము కాదనియు వైద్యులు మాకు చెప్పియుండిరి. కావున ఈ మాఱు మేమెవ్వరమును ఒట్టు పెట్టింపలేదు. గడచిన ఆగస్టు 15వ తేదీన జెండాత్రాడు వాని చేతికే ఇచ్చితిమి. రేపేమగునో నేను చెప్పజాలను; వాడును చెప్పడు. నేటి దినము గడచినదని మాత్రము చెప్పును.

పెద్దలారా, నా విన్నపములు కొన్ని. సెలవుపై వచ్చిన సైనికుని సీసా అడుగకుడు, అడుగువానిని వారింపుడు. పింఛనుతో వచ్చినవానికి మొదటి మాసముననే ఊరిలో నొక పని అప్పగింపుడు. చెఱువుకట్ట లెక్కయైనను, బడిపిల్లల కవాతైనను సరే. నిద్ర లేదన్నవానిని పిఱికి యనకుడు. త్రాగువానిచేత ఒట్టు పెట్టించుటకు ముందు వైద్యుని చూపుడు. మాజీ సైనికునకు సైనిక వైద్యపథకపు పాలిక్లినిక్కు కలదు. ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ చికిత్సాలయము కలదు. మత్తు విడుపు సలహాకు 14446, మనోవ్యాధి సలహాకు 14416 అను ఫోను సంఖ్యలు రుసుము లేనివి. ఈ రెండు సంఖ్యలను మీ పంచాయతీ గోడపై వ్రాయింపుడు.

మన పూర్వులు రణమున మడిసినవానికి వీరగల్లు నిలిపిరి. అది మంచి ఆచారము. బ్రదికి వచ్చినవానికి రాయి అక్కఱలేదు. అరుగుమీద కొంచెము చోటు, వినుటకు ఒక చెవి చాలును. ఆ చోటు నేను ఒకనాడు గేటువద్ద నిరాకరించినాను. మీరట్లు చేయకుందురుగాక.